తెల్ల మెతుకులు

కొలతల పుస్తకం వెనక మిగిలిన పేజీల్లో ఇది రాస్తున్నాను. ముందు పేజీల నిండా జాకెట్ల కొలతలే. చాతీ, నడుము, చేతి పొడవు, మెడ లోతు. గురజాలలో ఆడవాళ్ల కొలతలు నాకు తెలిసినన్ని ఇంకెవరికీ తెలియవు. ఆ కొలతలిచ్చినవాళ్లే పోయినేడు ఆరు నెలలు నా గుమ్మం తొక్కలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేదాకా ఆగితే ఈ జన్మలో రాయలేనని అర్థమై ఇవాళ కూర్చున్నాను. కళ్లు పచ్చబడి, ఒక గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషి ఎవరైనా చదివితే చాలు.

మార్చి

ఉగాది ముందు కుట్టుపని ఊపిరాడనివ్వదు. అందుకే ఒళ్లు నొప్పులొచ్చినా, తాలింపు వాసనకి కడుపులో తిప్పినా పని ఎక్కువై అనుకున్నాను. ఒకరోజు జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చిన పక్కింటి అక్క నా మొహంలోకి చూసి, "ఏందమ్మే నాగమణీ, కళ్లు అట్టున్నయ్యి?" అంది.

అత్తయ్య నన్ను వాకిట్లోకి లాక్కెళ్లి ఎండకి ఎదురుగా నిలబెట్టింది. బొటనవేలితో కింది రెప్ప కిందికి లాగి చూసింది. మా మామగారు నా పెళ్లికి చానా ఏళ్ల ముందే పోయారు. మందు ముట్టని మనిషి, కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు పట్టి పోయారు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ రోజు మాత్రం అత్తయ్యే ఎత్తింది. "మీ మామ కళ్లు ఇట్టాగే ఉన్నయ్యే," అని లోపలికెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య మెతుకుల పరీక్ష పెట్టింది. మావైపు పెద్దవాళ్లకి తెలిసిన పరీక్షే ఇది. పొద్దుటి మూత్రం గ్లాసులో పట్టి అందులో నాలుగు అన్నం మెతుకులు వేసి ఉంచుతారు. మెతుకులు పచ్చబడితే కామెర్లున్నట్టు, తెల్లగా ఉంటే లేనట్టు. ఇంట్లో ఉన్నది నలుగురం: అత్తయ్య, మా ఆయన కోటేశ్వరరావు, నేను, ఏడాదిన్నర వయసున్న మా పాప చిన్ని. దొడ్డిగోడ మీద నాలుగు ప్లాస్టిక్ గ్లాసులు వరసగా నిలబడ్డాయి. మధ్యాహ్నానికి నా గ్లాసులో మెతుకులు పసుపు కలిపిన అక్షింతల్లా అయ్యాయి. మిగతా మూడింట్లో తెల్లగానే ఉన్నాయి. అత్తయ్య కొడుకు గ్లాసు ఎత్తి పట్టుకుని రెండుసార్లు చూసి, "నా బిడ్డ బతికిపోయాడు, నా మనవరాలు బతికిపోయింది," అని చెంపలేసుకుంది. ఆ సాయంత్రం నుంచి పాప పక్క ఆమె మంచం మీదికి మారింది.

ఆదివారం పరగడుపున పసరు మందుకి తీసుకెళ్లారు. చేదు పసరు మింగించి, ఉప్పూ నూనే లేని పత్యం చెప్పారు. రెండు వారాలు చప్పిడి అన్నం తిన్నాను. పచ్చదనం తగ్గకపోగా ఒళ్లంతా దురద మొదలైంది. నడవలేని స్థితికి వచ్చాక మా ఆయన నన్ను పిడుగురాళ్ల మీదుగా నరసరావుపేట బస్సెక్కించాడు. సున్నపు బట్టీల పొగ కిటికీలోంచి లోపలికి వచ్చేది.

ఏప్రిల్

రక్తపరీక్షలో హెపటైటిస్ బి అని తేలింది. డాక్టరమ్మ నాకంటే చిన్నదిలా ఉంది. నేను గర్భంతో ఉన్నప్పటి పరీక్షల ఫైలు తెమ్మంది. అందులో ఇదే పరీక్ష ఉంది, అప్పుడు లేదని వచ్చింది.

"అంటే ఈమధ్యే సోకింది. ఒక విధంగా మంచిదే," అంది.

ఏం మంచో నాకు అర్థం కాలేదు. మందుల చీటీ వెనక ఆమె ఒక గుండ్రటి గీత గీసి, అందులో చుక్క పెట్టింది.

"వైరస్ తనంతట తానుగా కాలేయాన్ని పెద్దగా పాడు చెయ్యదమ్మా. కణాల్లో దూరి కూర్చుంటుంది. నీ రక్తంలో టి కణాలని ఉంటాయి. అవి ఒక్కో కణాన్నీ తడిమి చూసి, లోపల వైరస్ ఉందని కనిపెడితే ఆ కణాన్నే చంపేస్తాయి. చచ్చేది నీ కాలేయంలో భాగమే. అందుకే కళ్లు పచ్చబడ్డాయి, అందుకే ఈ నీరసం."

"అంటే నా ఒళ్లే నన్ను కొడతందా?"

"కొడుతోంది. కొట్టకపోతేనే భయపడాలి. ఆరు నెలలు చూద్దాం. అవి గెలిస్తే ఇది మళ్లీ నీ జోలికి రాదు. గెలవకపోతే నీ ఒంట్లోనే కాపురం పెడుతుంది."

రక్తం వల్ల, సూది వల్ల, బ్లేడు వల్ల, భార్యాభర్తల మధ్య అంటుకుంటుంది, తల్లి నుంచి పుట్టే బిడ్డకి వస్తుంది అని చెప్పింది. కంచం వల్ల రాదు, ఎత్తుకుంటే రాదు, పాపకి పుట్టినరోజే టీకా పడింది కాబట్టి బెంగ లేదు అంది. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలని గట్టిగా చెప్పింది. మా ఆయన ఆ మాటలప్పుడు ఫోనొచ్చిందని బయటికెళ్లాడు. పురుగుమందుల కొట్లో గుమస్తా ఆయన, సీజన్‌లో ఫోను ఆగదు. ఇంటికెళ్లి అత్తయ్యతో చెప్పింది ఒకటే ముక్క: "రక్తంలో ఉందంట."

కుట్టుమిషను ఉన్న ముందుగది నాది అయింది. నా గోళ్ల రంగు సీసాతోనే అత్తయ్య నా కంచం అంచు మీద, గ్లాసు అడుగున ఎర్ర చుక్కలు పెట్టింది. ఆ కంచం గుమ్మం దగ్గర పెట్టి, నేను తీసుకునేదాకా అవతల నిలబడేది. పాపని ఎత్తుకోవచ్చని డాక్టరమ్మ చెప్పిందిగా, ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. నాకూ నమ్మకం లేదు. అదే నా తప్పు. రోజుకి పది సూదిపోట్లు పడే వేళ్లు నావి. పసిదాని నోటికి ఆ వేళ్లు తగిలితేనో అనుకునేదాన్ని. అత్తయ్య తలుపు బయటినుంచి వేస్తే, లోపలినుంచి గడియ పెట్టుకున్నది నేనే.

నూజెండ్లలో మా అన్నయ్యకి ఫోన్ చేశాను. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ ఇంటికి వెళ్లడం తగ్గింది. వదిన ఫోన్ తీసుకుని, "ఇక్కడా చిన్నపిల్లలున్నారుగా, తగ్గినాక రా," అంది. సరేనన్నాను.

మే

ఎండలు ముదిరాయి. కళ్ల పచ్చదనం నెమ్మదిగా తగ్గింది. మనుషులు మాత్రం రాలేదు. కుట్టడానికిచ్చిన గుడ్డలు ఒక్కొక్కరే వెనక్కి పట్టుకెళ్లారు. ఒకావిడ గుమ్మం బయటే నిలబడి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మళ్లీ ఇస్తాలే నాగమణీ," అంది. ఆమె మళ్లీ ఇవ్వలేదు.

పనిలేని చేతులతో పాపకి గౌన్లు కుట్టాను. కిటికీ ఊచల్లోంచి వాకిట్లో ఆడుకుంటుంటే చూసి, కంటితో కొలత వేసి కుట్టేదాన్ని. వేడినీళ్లలో ఉడికించి ఆరేసి గుమ్మం దగ్గర పెడితే అత్తయ్య తీసుకునేది. ఒక్కటీ తొడగలేదు. మాటలు నేర్చే వయసు దానిది. కిటికీ అవతల అది మొదట "అత్త" అంది, "కాకి" అంది. ఒకరోజు అత్తయ్య కొంగు పట్టుకుని "అమ్మా" అంది. అత్తయ్య దిద్దలేదు. ఆ రోజు నేను మిషను చక్రం ఊరికే తిప్పుతూ కూర్చున్నాను, చప్పుడులో నా ఏడుపు వినపడకుండా.

అంతకంటే పెద్ద దెబ్బ మా ఆయన కొట్టాడు. ఒక మధ్యాహ్నం భోజనానికొచ్చి, గుమ్మం అవతల చెప్పులు విప్పకుండానే నిలబడి అడిగాడు.

"నిజం చెప్పు మణీ. ఎట్టా వచ్చింది నీకు ఇది?"

ఊళ్లో ఎవరు ఏం కూశారో నాకు తెలుసు. ఆయన చూపు నేలమీద ఉంది.

"పోయినేడు పన్ను పీకించుకున్నాగా. ఆ పటకారు శుభ్రంగా లేదేమో," అన్నాను.

"పన్నేనా?"

"ఇంకేందనుకుంటన్నావు?"

ఆయన లోపలికెళ్లి తిన్నాడు. ఆ రోజు నా కంచం గుమ్మం దగ్గర ఎండి పోయింది.

జూన్

మూడో నెల పరీక్షకి ఒక్కదాన్నే వెళ్లాను. ఆస్పత్రి వరండాలో బల్లలు నిండిపోతే, నూజెండ్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. మా పుట్టింటి ఊరు పేరు వినగానే ఆయన వైపు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి ఆయన టిఫిన్ డబ్బా తీశాడు. కూతురు కట్టిందట, ఇడ్లీలూ కారప్పొడీ. మూతలో రెండు ఇడ్లీలు పెట్టి నా ముందుకి జరిపాడు.

"వద్దు బాబాయ్. నాకు హెపటైటిస్ బి."

"నాకూ అదేనమ్మా. పదేళ్లయింది. తిను."

మూడు నెలల్లో ఇంకో మనిషి పక్కన కూర్చుని తిన్నది అదే. నమలడం చేతకాక ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చాను. ఆయన చూడనట్టే తింటూ పోయాడు.

"నీకు కళ్లు పచ్చబడినయ్యా? అదృష్టమమ్మా. నాకు ఎన్నడూ పచ్చబడలేదు. ఎద్దులాగ పనిచేసినా. ఊళ్లో రక్తదానమంటే ఇయ్యబోయినా, అప్పుడు తేలింది. అప్పటికే కాలేయం గట్టిబడింది. ఇంక రోజూ బిళ్ల."

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. డాక్టరమ్మ గదిలోకి వెళ్లగానే అదే అడిగాను, వైరస్ ఉండి కళ్లు పచ్చబడకపోవడం ఎట్లా కుదురుతుందని.

"పుట్టినప్పుడో, చంటిబిడ్డగా ఉన్నప్పుడో దూరితే టి కణాలు దాన్ని సరిగా పట్టుకోలేవు. పట్టుకునేవి కూడా ఏళ్ల తరబడి దాన్నే చూసి చూసి అలసిపోతాయి. కొట్లాట ఉండదు కాబట్టి కామెర్లు రావు. మనిషి బాగానే తిరుగుతాడు. కానీ వైరస్ ఉంటుంది, పక్కవాళ్లకి అంటుకుంటుంది. నెమ్మదిగా కాలేయమూ చెడొచ్చు," అని ఆగింది. "నీ భర్త పరీక్ష చేయించుకున్నాడా?"

తిరుగు బస్సులో దొడ్డిగోడ మీద నాలుగు గ్లాసులే కళ్లముందున్నాయి. మెతుకులు చెప్పింది ఎవరి ఒళ్లు కొట్లాడుతోందో మాత్రమే. వైరస్ ఎవరి దగ్గరుందో అవి చెప్పలేదు.

జూలై, ఆగస్టు

మా ఆయనతో చెబితే నవ్వాడు. "నాకేంది రోగం? గుండ్రాయిలాగ ఉన్నా. నా మెతుకులు తెల్లగా ఉన్నయ్యిగా, నువ్వూ చూశావుగా?"

అత్తయ్య గుమ్మంలోకొచ్చి మరీ అరిచింది. "నీకు వచ్చింది చాలక నా కొడుక్కి అంటగడతన్నావే?"

రెండు నెలలు అడిగాను. బతిమాలాను, అలిగాను, చీటీ వెనక డాక్టరమ్మ గీసిన బొమ్మ చూపించాను. మిరపనారు పోసే కాలం, కొట్లో తీరిక లేదన్నాడు. ఆరో నెల పరీక్ష దగ్గర పడింది. నాకు పోయిందో లేదో అన్న భయం ఒకవైపు. పోకపోతే ఈ గది, ఈ కంచం, కిటికీలోంచి కూతురు. ఎన్నేళ్లో తెలియదు. పోయినా ఊళ్లో నా మీద పడిన మాట పోదు. అది పోవాలంటే ఆయన రక్తం తియ్యాల్సిందే.

పరీక్షకి వెళ్లే పొద్దున్న ఆరు నెలల్లో మొదటిసారి ముందుగది దాటి నడవాలోకి వచ్చాను. పాప చాప మీద కూర్చుని అటుకులు తింటోంది. అత్తయ్య కెవ్వుమంది.

"నువ్వు నాతో వచ్చి రక్తమిస్తావా, ఇప్పుడే పిల్లని ఎత్తుకోనా?" అన్నాను మా ఆయనతో.

కన్నతల్లి చెయ్యి చూపించి బెదిరించాల్సి వచ్చింది. అది పనిచేసింది కూడా. ఆయన చొక్కా వేసుకున్నాడు.

సెప్టెంబర్

రిపోర్టులు రెండూ డాక్టరమ్మ బల్లమీద పక్కపక్కనే పెట్టుకుంది. ముందు నాది చెప్పింది. వైరస్ ఆనవాలు రక్తంలో లేదు, దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు వచ్చాయి. "నీ టి కణాలు గెలిచాయమ్మా. కాస్త వైరస్ కాలేయంలో ఏ మూలో దాక్కునే ఉంటుంది. అవి జన్మంతా కాపలా కాస్తాయి. ముందుముందు ఏ పెద్ద జబ్బుకి మందులు వాడాల్సి వచ్చినా ఈ సంగతి చెప్పడం మర్చిపోకు." తర్వాత మా ఆయన వైపు తిరిగింది. ఆయన రక్తంలో ఉంది. పాత రిపోర్టుల్లేవు గానీ, తీరు చూస్తే చిన్నప్పటినుంచీ ఉన్నట్టే అంది. వైరస్ ఎంత ఉందో ఇంకో పరీక్ష, ఆర్నెల్లకోసారి చూపించుకోవడం, అవసరమైతే బిళ్ల. వాళ్లమ్మగారినీ తీసుకురమ్మంది.

"తప్పెవరిదీ కాదండీ. మీరు పుట్టినప్పుడు ఆ టీకా లేదు," అంది.

బస్టాండులో బల్లమీద ఇద్దరం మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడంగా కూర్చున్నాం. గురజాల బస్సు వచ్చేముందు ఆయన అడిగాడు.

"నేనిచ్చానా నీకు?"

"డాక్టరమ్మ చెప్పింది విన్నావుగా."

"పన్ను కాదా?"

"కాదు."

ఆయన మొహం చేత్తో తుడుచుకున్నాడు. క్షమించమని అనలేదు. ఆ తర్వాత కూడా అనలేదు. ఇల్లు చేరాక మాత్రం పాపని ఎత్తుకొచ్చి, వాళ్లమ్మ చూస్తుండగానే నా ఒళ్లో పెట్టాడు. అది నన్ను చూసి బిక్కమొహం వేసి, అత్తయ్య వైపు చేతులు చాపి "అమ్మా, అమ్మా" అని గుక్కపట్టింది. ఈ ఒక్క క్షణం కోసం ఆరు నెలలు బతికాను. అది ఇట్లా వచ్చింది.

తర్వాతి వారం అత్తయ్య రిపోర్టు వచ్చింది. ఆమెకీ ఉంది. మామగారి దగ్గర్నుంచి ఆమెకి వచ్చిందో, ఆమె నుంచి ఆయనకో, ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు లేరు. కొడుక్కి మాత్రం పుట్టుకతో ఆమె నుంచే వచ్చి ఉంటుందని డాక్టరమ్మ అంది. అత్తయ్య ఇంటికొచ్చి తన బట్టలు మూటగట్టుకుని దొడ్లో వంటచెరకు పెట్టే పాకలోకి మారింది. పాప ఏడ్చినా ఎత్తుకోలేదు. భోజనాల వేళ చూస్తే, ఎర్ర చుక్కలున్న కంచం తీసుకెళ్లి పాకలో ఒక్కతే తింటోంది.

కాదనాల్సింది. కాదనలేదు. మూడు రోజులు చూస్తూ ఊరుకున్నాను. వంటింటి కిటికీలోంచి ఆమె వంగిన వీపు చూసి, తెలిసొచ్చిందా అనుకున్నాను. పాప ఆ మూడు రోజులూ ఆమె కోసం పాక వైపే చూసి ఏడ్చింది. అయినా ఊరుకున్నాను. దీన్ని దాచుకోదలచలేదు కాబట్టి రాస్తున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పాప నా చంకలోంచి జారి పాకవైపు పరిగెత్తింది. అత్తయ్య గబుక్కున లేచి కంచం అడ్డం పెట్టుకుంది. "దగ్గరికి రానియ్యమాక! తీసకపో అమ్మాయ్, తీసకపో!" అని గోడకి ఆనుకుపోయింది. ఆ మొహం నాకు తెలుసు. ముందుగదిలో గోడకున్న అద్దంలో ఆరు నెలలు చూసిన మొహమే అది.

"కంచం ఇటియ్యి అత్తయ్యా," అన్నాను.

"ఎంగిలిదే."

"ఇటియ్యి."

లాక్కుని కింద కూర్చున్నాను. వంకాయ కూరతో కలిపిన అన్నం. ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో తెలియక మధ్యలోనే ఆపేసింది.

"నీకు మళ్లీ వస్తదే పిచ్చిదానా!"

"కంచంలో రాదు. డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. వచ్చినా ఇంక నన్నేం చెయ్యదు, నా ఒంట్లో కాపలా ఉంది. కూచో."

ఆమె కూర్చోలేదు. పాప ఆమె చీర పట్టుకుని గుంజింది. అప్పుడు కూర్చుంది. ఇంకో ముద్ద కలిపి ఆమెకి అందించాను, నా వేళ్లతోనే, సూదిపోట్లున్న వేళ్లతోనే. ఆమె తినకుండా దాన్ని చేతిలో పట్టుకుని, "ఆ పసిదానికి నిన్ను దూరం చేశానే," అని బావురుమంది.

"చేశావు," అన్నాను. "తిను, ఆరిపోతంది."